గెంజి చిత్రం: 3వ అధ్యాయమా, 44వ అధ్యాయమా?

జపాన్ రచయిత్రి మురసాకి షికిబు రచించిన ప్రాచీన నవల గెంజి గాథలోని ఒక ఘట్టాన్ని చూపే, బంగారు మేఘాలున్న మడత తెర తాలూకు అచ్చు ప్రతి నా వద్ద ఉంది. దానిపై ఏ వివరమూ లేదు. పైకప్పు లేనట్టు గీసిన గదిలో ఇద్దరు స్త్రీలు గో (నలుపు, తెలుపు రాళ్లతో బల్లపై ఆడే ఆట) ఆడుతుండగా, ఒక పురుషుడు చాటునుండి చూస్తున్నాడు. ఇటువంటి దృశ్యం 3వ అధ్యాయమైన ఉత్సుసెమిలోనూ, 44వదైన తకెకావాలోనూ ఉండడమే చిక్కు. నగోయాలోని తోకుగావా మ్యూజియంలో ఉన్న 12వ శతాబ్దపు తకెకావా చిత్రంతో పోల్చి చూశాను. అందులో తోటలో పూసిన చెర్రీ చెట్టు ఉంది (కథలో పందెం ఆ చెట్టే కదా). నా ప్రతిలో మాత్రం చెట్టు మొదలే కనిపిస్తోంది, పైభాగాన్ని మేఘం కప్పేసింది. ముఖాలన్నీ గీతల్లాంటి కళ్లతో ఒకేలా ఉన్నందున వాటివల్ల ప్రయోజనం లేదు. అయితే ఆటబల్ల పక్కన దీపం వెలుగుతోంది. ఆ దీపం ఆధారంగా దీన్ని ఉత్సుసెమి ఘట్టమని నిర్ధారించవచ్చా?