షెడ్ ముందు ర్యాంపు: చెక్కా, కాంక్రీటా?

గడ్డికోత:
పెరట్లో చెక్క షెడ్, కాంక్రీటు దిమ్మెల మీద కూర్చుంది. ఫ్లోరు నేలకి సరిగ్గా అడుగు ఎత్తు. తలుపు 4 అడుగుల వెడల్పు, బయటికి తెరుచుకుంటుంది. కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం, బరువుతో తోపుడుబండి రెండూ ఎక్కాలి, దిగాలి. ఒకసారి కట్టాక మళ్లీ దాని జోలికి పోయే పని ఉండకూడదు. దేంతో కట్టాలి?

చిత్రిక:
చెక్కతోనే. అయితే ముందు వాలు తేల్చుకోండి. 1:8 పెట్టండి, అంటే అడుగు ఎత్తుకి 8 అడుగుల పొడవు. చోటు లేదని 4 అడుగులకి కుదిస్తే యంత్రం ఎక్కుతుంది గానీ గడప దగ్గర పొట్ట ఆనుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య 4 అడుగులుంటే, 1:4 వాలులో గడప అంచు పొట్టకేసి దాదాపు 3 అంగుళాలు లేస్తుంది. 1:8లో అంగుళంన్నరే.

మందు పట్టించిన కలపలో నేల తాకే వాడకానికని చెప్పి అమ్మే రకమే తీసుకోండి. 2×6 దూలాలు 5 (అది అమ్మే పేరే, అసలు కొలత ఒకటిన్నర × ఐదున్నర అంగుళాలు), మధ్య నుంచి మధ్యకి 12 అంగుళాల ఎడం. పైన అడ్డంగా 2 అంగుళాల పలకలు, వాటి అసలు మందమూ ఒకటిన్నరే. ఎండిన పలకలైతే సందు పావు అంగుళం వదలండి, తడిగా ఉంటే దాదాపు ఆనించే కొట్టండి, ఆరాక అవే సందిస్తాయి. కోసిన ప్రతి చివరా మళ్లీ మందు పూయాలి. లోపలి చెక్కకి మందు పూర్తిగా దిగి ఉండదు, చివుకు మొదలయ్యేది అక్కడే. స్క్రూలు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) లేదా స్టెయిన్‌లెస్. మామూలు ఇనుప మేకుల్ని ఆ మందులోని రాగి తినేస్తుంది. పైన ప్లైవుడ్ మాత్రం వద్దు, అంచుల్లోంచి నీళ్లు తాగి పొరలు విడిపోతుంది.

దిమ్మిస:
చిత్రిక గారూ, అంతా బాగానే చెప్పారు గానీ కింది చివర సంగతి దాటేశారు. 1:8 వాలులో 2×6 దూలాన్ని నేలకి ఆనేలా కోస్తే చివరి మూడున్నర అడుగుల పైచిలుకు కత్తి మొనలా సన్నబడుతుంది. బండి చక్రం మొదట ఎక్కేది, వాన నీరు చివరికి చేరేది కూడా అక్కడికే. ఎంత మందు పట్టించినా ఆ మొన ముందు చీలుతుంది, తర్వాత చివుకుతుంది.

కాంక్రీటు వేయండి. మట్టిని 6 అంగుళాల పొరలుగా పోస్తూ దిమ్మిస కొట్టండి. ఒకేసారి గుట్టగా పోసి పైపైన కొడితే ఏడాది తిరక్కుండా పలక కింద బోలు పడుతుంది. దాని మీద 4 అంగుళాల కంకర, ఆపైన 4 అంగుళాల పలక. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాలు, 10 మి.మీ. సలాకలు నిలువుగా, అడ్డంగా అడుగు ఎడంతో. పైన చీపురు గీతలు అడ్డంగా లాగండి, వాలు వెంట లాగితే పట్టు ఉండదు. కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకండి. కింది అంచుని సున్నా మందానికి తేల్చకండి. పలకని అదే 4 అంగుళాల మందంతో నేలలోకి దించేయాలి, లేకపోతే పెచ్చులూడుతుంది.

రసమట్టం:
మీరిద్దరూ పదార్థం గురించి వాదించుకుంటున్నారు, ర్యాంపు పాడయ్యేది అతుకు దగ్గర. షెడ్ దిమ్మెల మీద ఉంది, ర్యాంపు నేల మీద. రేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట నేలే పైకి లేస్తుంది. రెండూ ఒకేలా కదలవు. 8×4 అడుగుల పలక 700 కిలోల పైనే ఉంటుంది, ఒకసారి అటో ఇటో ఒరిగిందంటే పగలగొట్టడం తప్ప దారి లేదు. చెక్కదైతే కింద చీలిక పెట్టి సరిచేయొచ్చు.

ఇంకోటి. కాంక్రీటుని షెడ్ అంచు దూలానికి ఆనించి పోశారా, మధ్యలో నిలిచే తడి ఆ దూలాన్నే తినేస్తుంది. ఫ్లోరు కింద గాలి ఆడే దారీ మూసుకుపోతుంది. ర్యాంపు వందేళ్లు ఉంటే ఏం, షెడ్ ఉండొద్దూ?

దిమ్మిస:
అందుకు అంగుళం ఖాళీ వదిలితే సరి. ఆ సందు మీద 3 మి.మీ. గళ్ల ఇనుప ప్లేటు వేసి, షెడ్ వైపు మాత్రమే స్క్రూలు బిగించండి. రెండో అంచు ర్యాంపు మీద వదులుగా ఉంటే ఏది కదిలినా ఇబ్బంది లేదు. గాలి విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటున్నాను. పక్క వైపుల ఫ్లోరు కింద తెరిచి లేకపోతే కాంక్రీటు వద్దు.

చిత్రిక:
మొన గురించి దిమ్మిస గారన్నది నిజమే, కానీ దానికి విరుగుడు ఉంది. దూలాన్ని మొన దాకా పోనివ్వకుండా ఇంకా అంగుళం మందం మిగిలి ఉన్నచోటే అడ్డంగా కోసేయండి. పైన పలక మందం కలిపితే రెండున్నర అంగుళాలు. అంత మేర నేలలోకి దిగేలా ర్యాంపు వెడల్పున కందకం తీసి, 6 అంగుళాల కంకర పోసి దిమ్మిస కొట్టి, దాని మీద కూర్చోబెట్టండి. కంకర ఉంటే నీళ్లు నిలవవు. పై చివర హ్యాంగర్లతో (దూలం చివరని పట్టి నిలిపే ఇనుప పట్టీలు) షెడ్ అంచు దూలానికి బిగించండి. 4 అడుగుల దగ్గర దూలాల కింద ఒక అడ్డ దిమ్మె ఉండాలి, లేకపోతే యంత్రం బరువుకి నడుం వంగుతుంది.

నీడపట్టున పలకల మీద పాచి పడుతుంది, జారుడు మొదలవుతుంది. రంగులో ఇసుక కలిపి పూయడం కన్నా పలకల మీద గరుకు రేకు పట్టీలు కొట్టుకోవడం మేలు. ఇసుక చక్రాల కింద రెండో ఏటికే రాలిపోతుంది.

గడ్డికోత:
నేల రేగడే, షెడ్ కింద మూడు వైపులా తెరిచే ఉంది. చెక్కకే వెళ్తాను. తలుపు బయటికి తెరుచుకుంటుంది కదా, ర్యాంపుకి తగలదా?

రసమట్టం:
వాలు గడప నుంచే మొదలైతే తగలదు. గడప ముందు సమంగా ఉండే మెట్టు కడితేనే చిక్కు. ర్యాంపు పై అంచు ఫ్లోరుకన్నా పావు అంగుళం కిందికి ఉంచండి, వాన నీరు లోపలికి రాదు. తలుపు కింది అంచు ఫ్లోరు మట్టం దాటి కిందికి వేలాడుతుంటే ర్యాంపును ఆ మేరకు ఇంకా దించి, మిగిలిన గడప మీదికి దిమ్మిస గారు చెప్పిన ప్లేటే వేయండి. ప్లేటు మందం కూడా లెక్కలోకి తీసుకోండి. కొలత తలుపు మూసి ఉండగా తీయకండి. కీలు కాస్త కుంగిన తలుపు పూర్తిగా తెరిచినప్పుడు ఇంకా కిందికి వాలుతుంది.