అప్‌డేట్: ఫైనల్ ఫైట్‌లో గై కనిపించని సమస్య తేలిపోయింది

సూపర్ నింటెండో అనే పాత గేమ్ కన్సోల్‌లో ఫైనల్ ఫైట్ అనే ఫైటింగ్ గేమ్ పెడితే, ఆడటానికి ఉండాల్సిన ముగ్గురు హీరోల్లో గై లేకుండా కోడీ, హ్యాగర్ మాత్రమే వస్తున్నారని, రెండో కంట్రోలర్ పనిచేయడం లేదని ఇక్కడ అడిగాను. గేమ్ ఉండే క్యాట్రిడ్జ్ నకిలీదేమోనని చాలా టెన్షన్ పడ్డాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

క్యాట్రిడ్జ్ అసలుదే. అందులో ఏ లోపమూ లేదు. ఆ వెర్షనే అంత! 1989 నాటి ఆర్కేడ్ గేమ్‌ను (షాపుల్లో నాణెం వేసి ఆడే మెషీన్‌లోది) సూపర్ నింటెండోకి తెచ్చినప్పుడు గైని, ఇద్దరు కలిసి ఆడే మోడ్‌ను, రొలెంటో బాస్‌గా (చివర్లో ఓడించాల్సిన విలన్‌గా) వచ్చే ఫ్యాక్టరీ స్టేజ్ మొత్తాన్ని తీసేశారు. క్యాట్రిడ్జ్ పిన్నులు తుడవడం, కంట్రోలర్ మార్చడం ఈ సమస్యకు సంబంధం లేనివి. రెండూ చేశాను, తేడా రాలేదు.

అదే కన్సోల్‌కి తర్వాత వచ్చిన ఫైనల్ ఫైట్ గై అనే మరో వెర్షన్ తీసుకోమని ఒకరు చెప్పారు. కొనేముందు చూసుకోవడం మంచిదైంది. అందులో గై ఉంటాడు కానీ కోడీ ఉండడు, ఇద్దరు ఆడటం అందులోనూ కుదరదు.

నాకు పనికొచ్చింది 2018లో వచ్చిన క్యాప్‌కామ్ బీట్ ఎమ్ అప్ బండిల్ అనే పాత గేమ్‌ల సంకలనం. అందులో ఉన్నది ఆర్కేడ్ వెర్షనే. నిన్న రాత్రి అన్నయ్య హ్యాగర్, నేను గై. ఆ ఫ్యాక్టరీలో నేల మీద మంటలు లేచే చోటు మళ్లీ చూడగానే ఇద్దరం ఒకేసారి అరిచాం. నా జ్ఞాపకం తప్పు కాదన్నమాట, చిన్నప్పుడు మేం ఆడింది ఆర్కేడ్‌దే.

పాత కన్సోల్‌లోనే కావాలనుకునేవారికి సెగా సీడీ వెర్షన్‌లో ముగ్గురూ ఉన్నారు, ఇద్దరు ఆడొచ్చు, ఆ స్టేజ్ కూడా ఉంది.