వ్యాపార గోష్ఠికి రెండు పార్టీల ప్రతినిధులు: వాలంటీర్ల ప్రణాళిక

సమన్వయం:
అందరికీ నమస్కారం. మన సంఘం వార్షికోత్సవం రెండో రోజు ఉదయం చిన్న వ్యాపారులకు, ఉద్యోగాలు వెతుక్కుంటున్నవారికి గోష్ఠి జరుపుతున్నాం. అమెరికా కాంగ్రెస్‌లో మన ప్రాంతపు డెమోక్రాట్, రిపబ్లికన్ ప్రతినిధులను ఒకే వేదికపై కూర్చోబెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. శాలువాలు, పొగడ్తలతో పొద్దు గడిచిపోతే మాత్రం నేను ఒప్పుకోను. రెండు పార్టీలు కలిసి ఓటు వేసిన చట్టాల గురించే అడుగుదాం. ప్రశ్నలు ఎవరు రాస్తారు?

ప్రశ్నల బృందం:
నేను రాస్తాను. మొదటిది, కోవిడ్ సమయంలో సిబ్బంది జీతాలు ఆగకుండా చిన్న వ్యాపారాలకు ఇచ్చిన వేతన రక్షణ రుణాల నిబంధనలను 2020 జూన్‌లో సడలించిన చట్టం. ప్రతినిధుల సభలో 417 మంది సరేనన్నారు, ఒక్కరు కాదన్నారు. అప్పు మాఫీ కావాలంటే సొమ్మును 8 వారాల్లో ఖర్చు చేయాలన్న గడువు 24 వారాలైంది. జీతాలకే వెచ్చించాల్సిన వాటా 75 శాతం నుంచి 60కి తగ్గింది. తలుపులు మూసుకున్న రెస్టారెంటు జీతాలు ఎవరికిస్తుంది? అద్దె మాత్రం ఆగదు కదా. వ్యాపారులు మొరపెట్టుకున్నారు, రెండు పక్షాలూ విన్నాయి. అంత త్వరగా మళ్లీ ఎప్పుడు వింటారో అడగాలి.

రెండోది నాకు మరీ ముఖ్యం. 2017 పన్ను చట్టం వల్ల 2022 నుంచి పరిశోధన, అభివృద్ధి ఖర్చులను పన్ను లెక్కించే ఆదాయం నుంచి ఒకే ఏడాదిలో తీసివేసుకునే వీలు పోయింది. సాఫ్ట్‌వేర్ రాసేవారి జీతాలూ ఆ లెక్కలోకే వస్తాయి. దేశంలో పెట్టిన ఖర్చును 5 ఏళ్లకు, విదేశాల్లో పెట్టినదాన్ని 15 ఏళ్లకు పంచాల్సి వచ్చింది. చేతికి రాని లాభం మీద పన్ను కట్టడమంటే ఏమిటో మన సభ్యుల్లో చిన్న ఐటీ సంస్థలు నడిపేవారిని అడిగితే చెబుతారు. దీన్ని సరిదిద్దుతూ, పిల్లల పన్ను రాయితీని కూడా పెంచే బిల్లు 2024 జనవరి 31న ప్రతినిధుల సభలో 357-70తో నెగ్గింది. ఆగస్టు 1న సెనేట్‌లో ముందుకు సాగడానికి 60 ఓట్లు కావాల్సి ఉండగా 48 మాత్రమే పడ్డాయి. దేశీయ ఖర్చుల వెసులుబాటు చివరికి 2025 జూలైలో వచ్చింది, అదీ రిపబ్లికన్ల ఓట్లతోనే. 357 మంది ఒప్పుకున్న దారి ఎందుకు మూసుకుపోయింది? ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు జవాబు చెప్పాలి.

ఉద్యోగ సహాయం:
2014 నాటి ఉద్యోగ శిక్షణ చట్టాన్ని కూడా చేర్చండి. సెనేట్‌లో 95-3, ప్రతినిధుల సభలో 415-6. అమెరికన్ జాబ్ సెంటర్లకు దీని కిందే నిధులు వస్తాయి. ఉద్యోగం పోయినవారికి వెతుకులాటలోనూ శిక్షణలోనూ అవి సాయపడతాయి. దగ్గరలోని సెంటర్ వారికి గోష్ఠి బయట ఒక బల్ల ఇద్దాం. చిన్న వ్యాపారాలకు ఉచితంగా సలహాలిచ్చే స్కోర్ స్వచ్ఛంద సేవకులను కూడా పిలుస్తాను.

ఆహ్వానాలు:
ఒక హెచ్చరిక. మనది 501(సి)(3) సంస్థ, అంటే ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ. ఇలాంటి సంస్థలు ఎన్నికల ప్రచారంలో పాల్గొనడాన్ని 1954 నుంచే చట్టం నిషేధించింది. ప్రతినిధులను పదవిలో ఉన్నవారిగానే పిలుస్తున్నాం. అందుకని పరిచయంలో వారి అభ్యర్థిత్వం ప్రస్తావన వద్దు. హాలులో ప్రచార పత్రాలు, విరాళాల సేకరణ అసలే వద్దు. ఇద్దరికీ ఒకే ఉత్తరం ఒకే రోజు వెళుతుంది. మాట్లాడే సమయమూ సమానమే. ఒకరే వస్తే?

సమన్వయం:
రెండోవారి కార్యాలయం నుంచి ఇంకెవరినైనా పంపమని అడుగుదాం. అదీ కుదరకపోతే రాజకీయ భాగం మానేసి, సలహాదారులతోనే గోష్ఠి నడుపుదాం. ఒక పక్షాన్నే కూర్చోబెట్టి దాన్ని ఉమ్మడి చర్చ అనడం నాకు ఇష్టం లేదు.

వేదిక:
నాదీ అదే మాట. గడియారం నేను చూస్తాను. ఒక్కో జవాబుకు 3 నిమిషాలు. తర్వాత మైకు వ్యాపారుల వరుసకే ముందు వెళ్లాలి, దాతలకు కాదు. ఉత్తరం ముసాయిదా శుక్రవారానికి ఇక్కడ పెట్టండి. కోశాధికారి గారు, పన్ను నిబంధనలు తెలిసినవారు ఒకసారి చదివాకే పంపుదాం.