ఎనిమిదేళ్ల పిల్లవానికి ఏడీహెచ్‌డీ మందు మొదలుపెట్టవచ్చునా?

గోదారిగట్టు:
మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి 8 ఏళ్లు నిండాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకుండా అతిగా కదలడం అనే సమస్య) ఉందని వైద్యురాలు నిర్ధారించి, మిథైల్‌ఫెనిడేట్ వాడమన్నారు. మా అత్తగారు మాత్రం, "వీడి నాన్నా ఇంతే, గోడలెక్కి తిరిగేవాడు, మీసాలొచ్చేసరికి కుదురుకున్నాడు" అంటూ వద్దంటున్నారు. మందు జోలికి పోకుండా ప్రవర్తనను సరిదిద్దే శిక్షణతోనే నెట్టుకురావడం తప్పవుతుందా?

వేపచెట్టు:
తప్పు కాదని నా అభిప్రాయం. ఆ మందు మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం నియంత్రణలో ఉన్నది. ఆకలిని మందగింపజేస్తుంది, కొందరికి నిద్రనూ చెడగొడుతుంది. యాభై మందిని ఒక గదిలో కుక్కి, కదలకుండా కూర్చున్నవాడే మంచి పిల్లవాడని తీర్మానించే బడులను వదిలేసి, కదిలిన పిల్లవానికి మాత్ర వేయడం నాకు న్యాయంగా తోచదు. ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చి చూడడానికి అమెరికాలో జరిగిన ఎంటీఏ అధ్యయనంలో, మూడేళ్లు గడిచేసరికి మందుతో మొదలైన జట్టుకూ శిక్షణతో మొదలైన జట్టుకూ తేడా మిగలలేదు.

చింతతోపు:
వేపచెట్టు గారూ, మీరు చెప్పినది నిజమే గాని సగమే చెప్పారు. 1999లో తొలి ఫలితాలు వెలువడిన ఆ అధ్యయనంలో 579 మంది పిల్లలను నాలుగు జట్లుగా విభజించి 14 నెలలు గమనించారు. నెలనెలా పిలిపించి, మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చినంత కాలం, శిక్షణ ఒక్కటే పొందినవారికంటె వారిలో లక్షణాలు బాగా తగ్గాయి. ఆ తరువాత ఎవరి దారి వారిదైంది: మందు మానినవారున్నారు, కొత్తగా మొదలుపెట్టినవారూ ఉన్నారు. కాబట్టి మూడో ఏట తేడా కనబడకపోవడం మందు పనిచేయదనడానికి సాక్ష్యం కాదు. కొంతకాలం వాడితే జీవితమంతా బాగుపడుతుందనడానికీ (ఇది మీ పక్షాన చెబుతున్నాను) ఆధారం లేదు. మందూ శిక్షణా రెండూ కలిపి ఇచ్చిన జట్టుకు తక్కువ మోతాదు సరిపోయిందన్న సంగతే నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోస్తుంది.

గోదారిగట్టు గారూ, మా అబ్బాయికి మందు మొదలై ఐదేళ్లయింది. మొదటి నెలలో అన్నం డబ్బా పెట్టినది పెట్టినట్టే ఇంటికి తిరిగివచ్చేది. మాత్రకు ముందే కడుపునిండా ఇడ్లీలు పెట్టి, దాని ప్రభావం తగ్గే సాయంత్రం వేళ అసలు భోజనం పెట్టడం అలవాటు చేసుకున్నాము. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు గారు ఎత్తూ బరువూ కొలుస్తారు. "స్నానం చేసి, సంచి సర్దుకొని, బూట్లు వేసుకో" అని మూడు పనులు ఒక్క ఊపిరిలో చెప్పడం మేమే మానవలసి వచ్చింది. మందుకు పూర్వం ఒక్కొక్క పనిగా చెప్పినా వాని చెవికెక్కేది కాదు.

ఇంకొక మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నది. చదవడంలోనూ రాయడంలోనూ ఇబ్బంది ఉంటే ఆ పరీక్షా చేయించండి.

మీ అత్తగారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఇది కుటుంబాలలో దిగివచ్చేదే. వయసుతో గోడలెక్కడం తగ్గినా, మతిమరపూ వాయిదాలూ చాలామందిలో మిగిలిపోతాయి. మీ వారు కరెంటు బిల్లు గడువులోగా కడుతున్నారో లేదో ఒకసారి గమనించండి.

వేపచెట్టు:
రెండూ కలిపి ఇవ్వాలన్నంతవరకు ఒప్పుకుంటాను. బడి మారవలసిన పనిలేదన్నట్టు మాట్లాడటంపైన నా ఆక్షేపణ అట్లాగే ఉన్నది.

గోదారిగట్టు:
తక్కువ మోతాదుతో మొదలుపెట్టే విషయం సోమవారం వైద్యురాలితో మాట్లాడతాను. ముందు బల్లలో కూర్చోబెట్టమని టీచరునూ అడుగుతాను. బిల్లు సంగతి మా వారిని అడిగాను. గడువు మొన్ననే దాటిందట.