నాన్నకు షుగరు, ఒకవైపు చెంప మొద్దుబారింది: సోమవారం దాకా ఆగవచ్చా?

ప్రశ్న (కందుకూరు దగ్గరి పల్లె నుంచి)

నాన్నకు 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగరు. గత నెల ఆయాసం వస్తే ఊళ్లో సూదులు వేసే ఆయన ఏవో చిన్న తెల్ల మాత్రలు ఇచ్చారు. హాయిగా ఉందని నాన్న మూడు వారాలుగా అవే మింగుతున్నారు. అయిదు రోజుల నుంచి కుడి ముక్కు దిబ్బడ, కంటి కింద పోటు. పై పన్ను కదులుతోందంటే పీకించాం, నొప్పి తగ్గలేదు. ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ "ఈ చెంప మీద బ్లేడు ఆనినట్టే తెలియడం లేదురా" అన్నారు. షుగరు చూస్తే 412. ముక్కులోంచి నల్లగా ఏమీ రావడం లేదు కాబట్టి బ్లాక్ ఫంగస్ కాదు, సోమవారం చూద్దామని బాబాయి అంటున్నారు. వామిలోంచి తడిసిన గడ్డి లాగి గేదెలకు వేసేదీ నాన్నే. దానివల్ల ఏమైనా వచ్చిందా?

జవాబు (నెల్లూరు, ఈఎన్‌టీ వార్డు నర్సు)

తమ్ముడూ, సోమవారం మాట మర్చిపో. ఇప్పుడే బయలుదేరండి. ఒంగోలైనా నెల్లూరైనా సరే, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లండి. ముక్కు డాక్టరు, కంటి డాక్టరు ఒకేచోట ఉండాలి.

నలుపు కోసం ఎదురుచూసి చాలామంది నష్టపోయారు. ఆ నలుపు బూజు రంగు కాదు. బూజు రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తే, నెత్తురు అందని కండ చచ్చి నల్లబడుతుంది. నలుపు కనబడిందంటే అక్కడ కొంత భాగం అప్పటికే పోయిందన్నమాట. చెంప మొద్దుబారడం, పన్ను కదలడం అంతకన్నా ముందే రావచ్చు. ఇది మామూలు సైనసైటిసే కావాలని నాకూ ఉంది. కానీ 412 షుగరు ఉన్న మనిషికి ఇవన్నీ ఒకే వైపున వచ్చాయి.

బయలుదేరే ముందు ఆయన నోరు తెరిపించి ఫోను లైటు వేసి అంగిలి చూడు. తెల్లగా పాలిపోయినా, నల్లమచ్చ ఉన్నా ఫొటో తీసుకో. ఆ మాత్రల అట్ట తప్పకుండా వెంట ఉండాలి. అవి స్టెరాయిడ్ కావచ్చు, షుగరు అంతగా పెరగడానికి అదే కారణం కావచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయవద్దు. మూడు వారాలు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా మానితే మనిషి కూలబడిపోవచ్చు, అది డాక్టరు నిర్ణయించాలి. అక్కడ "షుగరు 412, చెంప స్పర్శ పోయింది, మ్యూకార్ (బ్లాక్ ఫంగస్) అనుమానం" అని ముందే చెప్పు. కీటోన్లు, అంటే షుగరు అదుపు తప్పినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, చూడమని అడుగు. షుగరు విపరీతమై రక్తంలో ఆమ్లం పెరిగితే అందులోని ఇనుము విడివడి బూజుకు మేత అవుతుంది, తెల్లకణాలు దానితో పోరాడలేవు. అందుకే ఇన్సులిన్ కూడా ఈ వైద్యంలో భాగమే.

గడ్డిలో, కుళ్లిన ఆకుల్లో ఈ బూజు ఎప్పుడూ ఉంటుంది. దాని రేణువులను మనమందరం పీలుస్తూనే ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో అది నిలవలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి నాన్న పక్కనే కూర్చో.

మరొకరు (కావలి)

మా అమ్మకు ఊపిరితిత్తుల్లో ఫంగస్ వచ్చినప్పుడు వాడిన వోరికోనజోల్ మాత్రలు కొన్ని మిగిలాయి. బస్సులో పంపనా?

నర్సు

వద్దండీ. అమ్మగారికి ఇదివరకు టీబీ వచ్చి తగ్గిందా? టీబీ ఊపిరితిత్తుల్లో మిగిల్చిన గుంతల్లో పెరిగేది ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్ అనే వేరే బూజు, దానికి ఆ మందు పనిచేస్తుంది. మ్యూకార్ మీద పనిచేయదు. దీనికి ఆంఫోటెరిసిన్ బి సూది కావాలి, చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసేయాలి.

ఇంకొకరు (ఒంగోలు)

మా ఆయనకు 2021 జూన్‌లో వచ్చింది. ఆ సూది ఎక్కుతుంటే చలి, వణుకు. రెండు దుప్పట్లు కప్పి పట్టుకుని కూర్చునేదాన్ని. మూత్రపిండాలు దెబ్బతినకుండా, పొటాషియం పడిపోకుండా తరచూ రక్తం తీసి చూసేవారు. పై దవడ సగం తీసేశారు, కన్ను మిగిలింది. ఖర్చుకు భయపడి ఆగకండి. ఆ ఏడాది మే నెలలోనే దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు తీసుకెళ్లి ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గర అడగండి.

ప్రశ్న అడిగినవారు (రెండు రోజుల తరువాత)

ఆ రాత్రే ఒంగోలులో చేర్చాం. ముక్కులో గొట్టం పెట్టి చూసి చిన్న ముక్క తీశారు. అందులో బూజు పోగులు కనిపించాయన్నారు. కీటోన్లు కూడా ఉన్నాయి, ఇన్సులిన్ ఎక్కిస్తున్నారు. స్కానులో కంటి దాకా పోలేదు. రేపు ఉదయం ఆపరేషన్, అంగిలి కొంత తీయాల్సి రావచ్చట. అక్కా, మీవారు ఆ తరువాత ఎలా తినేవారు?

ఒంగోలు

మొదట ముక్కు గొట్టంలోంచి పాలు, పలుచటి జావ పోశాం. పుండు మానాక దంతవైద్యులు అంగిలికి అచ్చు తీసి ప్లేటు చేశారు. అది పెట్టుకుంటే మాట స్పష్టంగా వస్తుంది, మింగింది ముక్కులోకి రాదు. ఇప్పుడు అన్నం, పప్పు, మెత్తగా ఉడికించిన చేప తింటున్నారు. భోజనమయ్యాక ప్రతిసారీ ప్లేటు తీసి కడుక్కోవాలి. రేపు ఆపరేషన్ థియేటరులోంచి బయటికి తేగానే ఇక్కడ ఒక్క ముక్క రాయండి, చూస్తూ ఉంటాను.