వట్టిపోయిన కోడి అనొచ్చా?

మేం మిషిగన్‌లో ఉంటాం. పెరట్లో నాలుగు పెట్టలు, రోడ్ ఐలాండ్ రెడ్ రకం. నవంబరులో ఈకలు రాల్చి గుడ్లు మానేశాయి. డిసెంబరులో ఇక్కడ పగలు 9 గంటలే, కోడికేమో వెలుతురు చాలకపోతే గుడ్డు రాదు. గూట్లో లైటు పెట్టమన్నారు కానీ పెట్టలేదు, వాటి సెలవు వాటిది. మొన్న ఆదివారం గూటి తలుపు తీస్తే గడ్డిలో ఒక గుడ్డు! ముట్టుకుంటే వెచ్చగా ఉంది, పెంకు మీద తడి కూడా ఆరలేదు.

వెంటనే అమ్మకు ఫోన్ చేసి, "వట్టిపోయిన కోళ్ళు మళ్ళీ మొదలెట్టాయే" అన్నాను. ఒకటే నవ్వు. "వట్టిపోయేది గేదె. కోడి గుడ్లకొచ్చిందనాలి" అంది. మరి ఆగినదాన్ని ఏమనాలంటే "ఆగిందనే అంటారు" అంది. అంతేనా? వేరే మాట లేదా?

— అమ్మగారిదే ఒప్పు. వట్టిపోవడం పాలకు సంబంధించిన మాట, కోడికి అతకదు. "గుడ్లకొచ్చింది" మాత్రం భలే మాటండీ. మామిడి కాపుకొస్తుంది, వరి కోతకొస్తుంది, ఆవు ఎదకొస్తుంది. వేళయ్యేసరికి అదే అక్కడికి వచ్చి చేరుతుందన్నమాట, మనం చేసేదేం లేదు. "గుడ్లు పెట్టడం ప్రారంభించింది" అంటే కోడి ఆఫీసులో చేరినట్టుంటుంది.

— చలికాలంలో ఆగే కోడికి మాట లేకపోవడంలో వింతేం లేదు. హైదరాబాదులో డిసెంబరులో కూడా పగలు 11 గంటలుంటుంది, జూన్‌కి 13. తేడా అంతే. మన నాటుకోడి ఆగేది గుడ్లు పొదగడం కోసం. పది పదిహేను గుడ్లు పెట్టి, గంప కిందనుంచి లేవనని మొండికేస్తుంది. దానికి మాట ఉంది కదా, పొదుగుకొచ్చింది అని. 21 రోజులు పొదిగి, ఆపైన పిల్లల్ని తిప్పుకుంటూ ఉంటే ఇక గుడ్లెక్కడివి?

— గుడ్లు పెడుతుంది కాబట్టే పెట్ట అయిందా అక్కా?

— కాదు తమ్ముడూ, చాలామంది అలాగే అనుకుంటారు. పెట్ట అంటే ఆడది. తమిళంలో పెట్టై, పెణ్ ఉన్నాయి. కన్నడంలో మన పాలు హాలు అయినట్టే పెణ్ కాస్తా హెణ్ణు అయింది. మన పెండ్లి కూడా ఆ కుదురుదే. గుడ్డు "పెట్టడం" వేరు, అది ఉంచడమనే అర్థంలో. తమిళంలోనూ గుడ్డు పెట్టడాన్ని "ఇడు" అనే అంటారు, ఉంచడమనే.

— పెట్టకీ పెళ్ళికీ చుట్టరికమా! కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే.

— పీకనివ్వండి, ఈ గ్రూపు ఉన్నదే అందుకు.

అందరికీ థాంక్స్. నిన్నటికి రెండోది కూడా గుడ్లకొచ్చింది. మూడోదాని జుట్టు ఎర్రబడింది, చెయ్యి చాపితే రెక్కలు కాస్త విప్పి నేలకు అతుక్కుపోతోంది. దీన్ని గుడ్లకొస్తోంది అంటే సరిపోతుందా?

— భేషుగ్గా. నాలుగోదో?

ఆగింది.