టీ-బకెట్‌లోకి ఎక్కడం, దిగడం: ఎడమ వైపు తలుపు లేదు, కుడి తొడ స్టీరింగ్‌కి తగులుతోంది

బరంపురం బకెట్ (ప్రశ్న):

అన్నలందరికీ నమస్కారం. ఫైబర్ బాడీ టీ-బకెట్ (పాత ఫోర్డ్ మోడల్-టీ నమూనాలో ఉండే ఓపెన్ బండి) కిట్, రైట్ హ్యాండ్ డ్రైవ్‌గా కడుతున్నాం. ఛాసిస్, ఇంజిన్, బ్రేకులు అయిపోయాయి. బాడీ బోల్టుల మీద కూర్చుంది, రంగు ఇంకా వేయలేదు. చిక్కంతా ఎక్కడం, దిగడం దగ్గర.

కొలతలు ఇవీ. నేల నుంచి గడప 18 అంగుళాలు. మనిషి కూర్చున్నాక నేల నుంచి సీటు పైభాగం 21. స్టీరింగ్ చక్రం 15 అంగుళాలది. దాని కింది అంచుకీ నొక్కుకుపోయిన సీటుకీ మధ్య 5 అంగుళాలే ఉంది. తెరుచుకునే తలుపు కుడివైపు ఒక్కటే. ఎడమ వైపు తలుపు గీత ఉంది గానీ ఉత్త గీతే, అక్కడ బాడీ అంచు నేల నుంచి 34 అంగుళాలు. పక్క సీటులో కూర్చునేది నాన్నగారు. 70 దాటాయి, రెండు మోకాళ్లూ నొప్పే. సీటు నురుగు కోసి కిందికి దించుదామా, ఎడమ వైపు మెట్టు పెడదామా, తలుపు కోద్దామా?

రాయగడ లేత్:

ముందుగా ఆ ఒంటి తలుపు సంగతి. ఫోర్డ్ మోడల్-టీ అమెరికాలో లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. 1926కి ముందు అక్కడ తయారైన ఓపెన్ బండ్లలో డ్రైవర్ వైపు తలుపు బొమ్మే, అందరూ కుడివైపు నుంచి ఎక్కేవారు. ఇప్పటి ఫైబర్ అచ్చులు చాలావరకు ఆ బాడీకి నకళ్లే. మనం స్టీరింగ్ కుడికి మార్చేసరికి డ్రైవర్‌కి తలుపు దక్కింది, పక్కన కూర్చునేవాళ్లకి పోయింది. పైగా మన దేశంలో ఫుట్‌పాత్ ఎడమ వైపు కదా. అంటే తలుపు లేనిది సరిగ్గా దిగాల్సిన వైపే.

నురుగు మాత్రం కోయొద్దు. సీటు అంగుళం దించితే తొడకి అంగుళం దొరుకుతుంది, నిజమే. కానీ లేచేటప్పుడు మోకాళ్ల మీద పడే బరువు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి సీటు నేల నుంచి 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉంటే హాయి. మీది 21. పెంచే దారి చూడాలి గానీ తగ్గించే దారి కాదు. తొడకి చోటు స్టీరింగ్ దగ్గర సంపాదించండి.

ఏదైనా కోసే ముందు రెండు ఇటుకలు, ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి సీటు స్థానంలో పెట్టండి. ఎత్తు అరంగుళం చొప్పున మారుస్తూ డ్రైవరూ నాన్నగారూ విడివిడిగా నాలుగైదుసార్లు ఎక్కి దిగాలి. ప్రతిసారీ ఏది తగిలిందో సుద్దతో గుర్తు పెట్టండి. తొడ స్టీరింగ్‌కా, బొటనవేలు గడపకా, మోకాలు డ్యాష్ కింది వైర్లకా? ఈ మూడింటికీ మందులు వేరు.

సీటు అడుగున 40 డెన్సిటీ గట్టి నురుగు వేయండి. మెత్తటిది 4 అంగుళాలు వేస్తే కూర్చోగానే సగానికి దిగిపోతుంది, లేచేటప్పుడు నడుము గోతిలో ఉన్నట్టుంటుంది. గట్టిది 3 అంగుళాలు చాలు. తలుపు వైపు అంచున గట్టు కట్టొద్దు. ఆ అంచు చదునుగా ఉంటేనే పిరుదులు జారి బయటికి వస్తాయి. మధ్యలో గుడ్డ, తలుపు వైపు 5 అంగుళాల పట్టీ రెగ్జిన్ వేయించండి. అంతా రెగ్జిన్ అయితే మే నెల బరంపురం ఎండకి ఒళ్లు అతుక్కుపోతుంది. అంతా గుడ్డ అయితే జారదు, పంచె పట్టుకుంటుంది.

జయపురం జీపు:

స్టీరింగ్ లెక్క చెప్తాను. 15 అంగుళాల చక్రం తీసి 13ది వేస్తే కింది అంచు పైకి వెళ్లేది అంగుళమే, ఎందుకంటే తగ్గేది వ్యాసార్ధం. పవర్ స్టీరింగ్ లేని బండికి 13 బరువుగా తిరుగుతుంది. 14 వేసుకుంటే అరంగుళమే లాభం. అడుగు చదునుగా ఉండే డీ ఆకారం చక్రం తొడకి బాగానే ఉంటుంది గానీ ముందు చక్రాలు తిన్నగా పెట్టి ఆపినప్పుడే ఆ చదును కిందికి వస్తుంది. తిప్పి పార్క్ చేస్తే మామూలే.

స్టీరింగ్ కాలమ్ (చక్రాన్ని మోసే గొట్టం) పొట్టి చేసి చక్రాన్ని ముందుకి జరిపితే పొట్టకి చోటు వస్తుంది. కానీ టీ-బకెట్‌లో మోకాళ్లు పైకి లేచి ఉంటాయి, ముందుకి వెళ్లిన చక్రం నేరుగా మోకాలి మీదికి వస్తుంది. మీకు అది పనికిరాదు. దానికంటే వీపు వైపు నురుగు 4 అంగుళాల నుంచి రెండున్నరకి తగ్గించి మనిషినే వెనక్కి పంపండి.

నా ఓటు టిల్ట్ కాలమ్‌కి, అంటే చక్రాన్ని పైకీ కిందికీ వంచుకునే రకానికి. స్క్రాపులో దొరికే కారు కాలమ్ చాలు, తిప్పి చూసి ఆట లేనిది తీసుకోండి. దాని బ్రాకెట్‌ని ఫైబర్ డ్యాష్‌కి బిగిస్తే నెల తిరక్కుండా వదులవుతుంది. డ్యాష్ వెనక అటు నుంచి ఇటు అంగుళంపావు పైపు, రెండున్నర మిల్లీమీటర్ల గేజ్‌ది, అడ్డంగా వెల్డ్ చేసి దానికి బిగించండి. కింద స్టీరింగ్ బాక్స్ దాకా రెండు యూనివర్సల్ జాయింట్లతో (షాఫ్ట్ వంపు తిరిగినచోట కూడా తిప్పుడుని అందించే కీళ్లు) సరిపెట్టుకోవాలి, ఒక్కో జాయింట్ వంపు 35 డిగ్రీలు దాటకూడదు. ఒకే షాఫ్ట్ రెండు చివర్ల ఉన్న యోక్‌లు (జాయింట్‌ని పట్టే జంట చెవులు) ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే స్టీరింగ్ ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా తిరుగుతుంది. మూడో జాయింట్ పెట్టక తప్పకపోతే మధ్య షాఫ్ట్‌కి ఆధారంగా బేరింగ్ తప్పనిసరి, లేకపోతే షాఫ్ట్ తాడులా ఊగుతుంది.

స్టీరింగ్ షాఫ్ట్‌ని కోసి ఎదురెదురుగా పెట్టి వెల్డ్ కొట్టి ఇస్తామనేవాళ్లుంటారు. ఆ పని ఒప్పుకోవద్దు.

గుణుపురం గ్యారేజ్:

టిల్ట్ కంటే క్విక్ రిలీజ్ హబ్ మేలు కదా? చక్రం మొత్తం ఊడి చేతికి వస్తే తొడ సమస్యే లేదు. మీట నొక్కి లాగడమే.

జయపురం జీపు:

కుర్ర డ్రైవర్‌కి మేలే, కాదనను. స్ప్లైన్ రకమే (చుట్టూ సన్నటి పళ్లతో కూర్చునేది) కొనండి, రేసు బండ్ల భద్రతా ప్రమాణం ఎస్‌ఎఫ్‌ఐ 42.1 ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఆరు పలకల నట్టు ఆకారంలో వచ్చే చవక రకాలు కొన్నాళ్లకి అరిగి కటకటలాడతాయి. పెట్టాక ప్రతిసారీ ‘టిక్’ మన్న తర్వాత చక్రాన్ని గట్టిగా మనవైపు లాగి చూడాలి. సగం కూర్చున్న హబ్ మొదటి మలుపులో చేతికొస్తుంది. హారన్ వైరు కూడా తెగని పద్ధతిలో, చుట్టల వైరుతో ప్లగ్ పెట్టి ఇవ్వాలి. పైగా ఆ హబ్ మందం చక్రాన్ని రెండంగుళాల దాకా మన ఛాతీ వైపు తెస్తుంది. వీపు నురుగు తగ్గించి సంపాదించినది అక్కడే పోతుంది.

పర్లాకిమిడి ఫైబర్:

ఎడమ వైపు తలుపు కోయమనే నా సలహా. ఏటంటే, మెట్టు పెట్టినా 34 అంగుళాల అంచు మీంచి కాలు వేయడం డెబ్బై దాటిన మోకాళ్లకి అయ్యే పని కాదు. పోనీ కుడి తలుపులోంచి ఎక్కించి పక్కకి జరపొచ్చు కదా అంటారు. అప్పుడు డ్రైవర్ దిగితే గానీ పెద్దాయన దిగలేరు. పొగో మంటో వస్తే ఆయన లోపలే ఉండిపోతారు.

కోతకి ముందే లోపల ఇనుప చట్రం రావాలి. ఈ వరస తప్పితే బాడీ విచ్చుకుపోతుంది, తర్వాత ఆ సందు ఏం చేసినా కలవదు. బాడీని ఛాసిస్‌కి బోల్టులతో పూర్తిగా బిగించి ఉంచండి. 25 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, 2 మిల్లీమీటర్ల గేజ్, తలుపు ముందు నిలువు, వెనక నిలువు, కింద బండి ఫ్లోర్ వెంబడి ఒకటి, ఇవన్నీ డ్యాష్ వెనక అడ్డపైపుకి కలవాలి. కుడివైపు కూడా ఇదే చట్రం ఉంటే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వెల్డింగ్ అంతా ముందే, బాడీకి అతికించక ముందే. ఫైబర్ పక్కన వెల్డ్ కొడితే రెజిన్ (ఫైబర్ పొరల్ని పట్టి ఉంచే జిగురు) కాలి పొరలు విడిపోతాయి.

అతికించేచోట ఫైబర్ లోపలి ముఖాన్ని 40 నంబరు గరుకు పేపరుతో తెల్లగా గరుకు తేలేవరకు రుద్ది, అసిటోన్‌తో తుడవండి. పాలియెస్టర్ రెజిన్ ఇనుముని సరిగా పట్టదు. అందుకని ట్యూబుని కూడా గరుకు చేసి, చుట్టూ మ్యాట్ (గాజు పీచు గుడ్డ) కప్పి బాడీ మీదికి రెండువైపులా 3 అంగుళాలు రానివ్వాలి. 450 గ్రాముల మ్యాట్ మూడు పొరలు, మ్యాట్ బరువుకి రెండున్నర రెట్ల రెజిన్, హార్డెనర్ ఒక శాతం నుంచి రెండు శాతం లోపే. ఎండ మండే రోజున ఒక శాతానికే గట్టిపడిపోతుంది, డబ్బాలోనే పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెం కలుపుకోండి. ట్యూబుకీ బాడీకీ మధ్య పలచని నురుగు పట్టీ పెట్టడం మరవొద్దు. నేరుగా ఆనిస్తే రంగు వేశాక ట్యూబు గీత బయటికి నీడలా కనిపిస్తుంది.

ఇక కోత. అచ్చులో ఉన్న బొమ్మ గీత వెంబడే వెళ్లొచ్చు, కానీ వెడల్పు 20 అంగుళాలకి తగ్గితే గీతని వెనక్కి జరపండి. మూలలు లంబకోణంలో వద్దు, కనీసం రెండంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. పదును మూల ఉన్నచోట జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పైపొర) సాలెగూడులా పగులుతుంది. కింద గడప గట్టు రెండంగుళాలు మించకుండా కోయండి, లేకపోతే బొటనవేలు తగిలి పెద్దవాళ్లు బోర్లాపడతారు. ఒక మిల్లీమీటర్ కటింగ్ డిస్కు, నాలుగంగుళాల గ్రైండర్. ముందుగా కీలు వైపు మాత్రమే కోసి కీళ్లు బిగించాలి. ఆ తర్వాతే మిగతా వైపులు. మొత్తం ఒకేసారి కోసేస్తే తలుపు వంకర తేలుతుంది. సందు చివరికి 4, 5 మిల్లీమీటర్లు తేలాలి, రంగు మందం కూడా అందులోనే పోతుంది.

కీళ్లు ఇంజిన్ వైపే ఉండాలి. వెనక కీళ్ల తలుపు ఎక్కడానికి చాలా హాయి, 1932 ఫోర్డ్ త్రీ-విండో కూపే అలాంటిదే. కానీ లాచ్ ఊడిందంటే గాలి దాన్ని బార్లా తెరిచేస్తుంది. లాచ్ కారుదే వేయండి, రెండు దశల్లో పట్టే రకం. దాని కొక్కెం ఇనుప నిలువుకే పడాలి, ఫైబర్‌కి కాదు. తలుపు ఒంటిపొరగా వదిలితే తప్పెటలా కొట్టుకుంటుంది, 20 మిల్లీమీటర్ల ట్యూబు చట్రం, లోపలి పొర కావాలి. అడుగున నీళ్లు పోయేందుకు 6 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు.

గోపాల్‌పూర్ సముద్రపు గాలి మీకు దగ్గరే. కీళ్ల పిన్నులు, బోల్టులు ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్)వి తీసుకోండి. సీటు బెల్టు బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్ వద్దు. బెల్టుతో వచ్చే 7/16 అంగుళం యూఎన్‌ఎఫ్ (సన్న మర) హైటెన్సిల్ బోల్టులే ఛాసిస్ పట్టీకి బిగించాలి.

బరంపురం బకెట్:

ధన్యవాదాలు అన్నలూ. ఇటుకలతో చూశాం. సీటు 23 అంగుళాలకి ఎత్తితే నాన్నగారికి లేవడం తేలికైంది, నా తొడకి మాత్రం మూడంగుళాలే మిగిలింది. టిల్ట్ కాలమ్ వేస్తాం, ఎడమ తలుపు కోస్తాం. ఇంకో రెండు సందేహాలు. తలుపు వచ్చాక కూడా మెట్టు కావాలా? సైలెన్సర్ పైపు ఎడమ పక్క నుంచే పోతోంది, అమ్మ చీరతో ఎక్కితే ఎలా?

రాయగడ లేత్:

సీటు డ్రైవర్‌కీ పక్కవాళ్లకీ ఒకే బల్లగా ఉండాలని లేదు కదా. రెండు ముక్కలు చేయండి, నాన్నగారిది 23, మీది 21. టిల్ట్ పైకెత్తితే మీకు ఆరున్నర ఏడు దాకా రావాలి.

మెట్టు వద్దు. మెట్టు కావాల్సింది బాడీ అంచు మీంచి కాలు వేసేవాళ్లకి. తలుపు ఉన్నప్పుడు వీపు బండి వైపు పెట్టి ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఆ పద్ధతిలో మెట్టు పిక్కలకి గుచ్చుకుంటుంది, మనిషిని సీటుకి దూరంగా నిలబెడుతుంది. టీ-బకెట్‌లో సీటు గడపకి ఆనుకునే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. ఎడమ సీటుకి అలా కూర్చునేటప్పుడు కుడి చేతికి బండి ముందు భాగం వస్తుంది. అక్కడ, డ్యాష్ వెనక అడ్డపైపుకి వెల్డ్ చేసిన పిడి ఒకటి పెట్టండి, ముప్పావంగుళం పైపు, 5 అంగుళాల పొడవు. ముందు అద్దం చట్రాన్ని పట్టుకోనివ్వొద్దు, అద్దం పగులుతుంది. టిల్ట్ కాలమ్ చక్రాన్నీ పట్టి లాగొద్దు, లాక్ అరుగుతుంది. దిగేటప్పుడు ముందు పిరుదుని అంచుకి జరిపి, రెండు పాదాలూ నేలకి ఆనాకే లేవాలి.

పర్లాకిమిడి ఫైబర్:

సైలెన్సర్‌కి ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కప్పండి, పైపుకీ రేకుకీ మధ్య 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రేకుని పైపుకి నేరుగా క్లిప్పు కొడితే అదీ కాలుతుంది, ఛాసిస్ నుంచి బ్రాకెట్ తీయండి. గుడ్డ చుట్టడం వద్దు. తేమ పట్టి గుడ్డ అడుగున మామూలు ఇనుప పైపుని తినేస్తుంది, మీ ఊళ్లో ఇంకా త్వరగా. చీరకి అసలు ప్రమాదం తలుపు వెనకనున్న టైరు. చిన్న మడ్‌గార్డ్ గానీ, తలుపు వెనక నిలువు నుంచి టైరు మీదికి వచ్చే రేకు గానీ తప్పనిసరి. లాచ్ కొక్కెం కూడా పమిటని పట్టుకుంటుంది, దానికి రబ్బరు తొడుగు పెట్టండి.

గుణుపురం గ్యారేజ్:

ఒక్క మాట, రోడ్డు సంగతి. ఇంట్లో కట్టిన బండికి సెంట్రల్ మోటారు వాహనాల నిబంధన 126 ప్రకారం ఏఆర్‌ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థ చేసే ప్రోటోటైప్ (నమూనా బండి) పరీక్ష కావాలి. వేరే బండి ఆర్‌సీ మీద నడుపుదామంటే, బండి మార్పుల్ని కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, మార్పులు లేకుండా ఉన్న బండ్లకే. ఆర్టీఓ ఆఫీసులో మాట్లాడకుండా గేటు దాటించకండి.

బరంపురం బకెట్:

మా తోట లోపల తిప్పడానికే అన్నా. తలుపు చట్రం వెల్డింగ్ మొదలుపెడుతున్నాం. పర్లాకిమిడి అన్నా, కీలు వైపు కోసే ముందు ఫొటో పెడతాను, గీత ఒకసారి చూసి చెప్పండి.

పర్లాకిమిడి ఫైబర్:

ఫొటోలో టేపు కొలత కనిపించేలా పెట్టు తమ్ముడూ. మూలల దగ్గర ఒకటి, గడప దగ్గర ఒకటి.